తడిగాలి

గాజుతొట్టె మీద మళ్ళీ ఆవిరి పట్టింది. అతను చొక్కా చేతి అంచుతో తుడిచాడు, పోలేదు, ఇంకోసారి గట్టిగా తుడిచాడు, అప్పుడు గాని గుర్తు రాలేదు ఆవిరి ఉన్నది లోపలివైపని, బయట ఎంత రుద్దినా అరిగేది చొక్కాయేనని. మూత తీస్తే తుడవొచ్చు. తీయకూడదు. పొద్దుటినుంచి కూడబెట్టిన తేమంతా గదిలోకి పోతుంది, తేమ చూపే చిన్న గుండ్రటి మీటరు ముల్లు ఇప్పుడిప్పుడే పచ్చగీతలోకి వచ్చి నిలబడింది, దాన్ని కదపడానికి మనసొప్పడం లేదు. అందుకని చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుని, వంటింట్లోంచి తెచ్చుకున్న ముక్కాలిపీట మీద, మిరియం మంచానికీ గోడకీ మధ్య ఇరుకులో, మోకాళ్ళు కడుపులోకి వచ్చేట్టు కూర్చున్నాడు. సెలవురోజు సాయంత్రపు ఎండ కిటికీ తెరలోంచి జల్లెడ పట్టినట్టు పడుతోంది. తొట్టె మీద ఎండ పడకూడదు, లోపలున్నవి ఉడికిపోతాయి, అందుకే పొద్దున్నే బట్టల బీరువాని ఒక్కడే ఈడ్చి జరిపి ఆ మూల ఖాళీ చేశాడు, కింది ఇంటివాళ్ళు ఏ ఇల్లు కూలుతోందనుకున్నారో. నిన్న వెళ్ళిన మిరియం ఇంకో గంటలో వస్తుంది. వాళ్ళ నాన్న ఎప్పటిలాగే కింద లిఫ్టు దగ్గర దింపి వెళ్ళిపోతాడు, పిల్ల ఒక్కతే పైకి వస్తుంది, తలుపు తీయగానే చెప్పులైనా విడవకుండా ముందు ఈ గదిలోకే పరిగెడుతుంది, కిటికీ గూట్లో తీగల పంజరం కోసం చూస్తుంది. పంజరం అక్కడ ఉండదు.

మిరియం అతని భార్య కూతురు. నా కూతురు అనడానికి ఇంకా నోరు రావడం లేదు, మొన్న పనికి వెళ్ళిన చోట ఎవరో పిల్లలెందరని అడిగితే 'మా ఇంట్లో ఒక పాప ఉంది' అన్నాడు, అనేసి నాలుక్కరుచుకున్నాడు, పక్కింటి పిల్ల ఆడుకోవడానికి వచ్చిందన్నట్టు ఉంది ఆ మాట. పుట్టినప్పుడు గుప్పెడంతే ఉండి ఆసుపత్రి అంతా ఘాటెక్కేలా ఏడ్చిందట, వాళ్ళ నాన్నే పెట్టాడట ఆ ముద్దుపేరు. ఇంకొకాయన పెట్టుకున్న పేరుతో తాను పిలవొచ్చా అని పెళ్ళైన కొత్తలో తెగ మథనపడ్డాడు, చివరికి ఒకరోజు పాలు పొంగుతుంటే కంగారులో "మిరియం, స్టవ్ ఆపు" అని అరిచాడు, పిల్ల పరిగెత్తుకెళ్ళి ఆపింది, అంతటితో ఆ సంగతి తేలిపోయింది. పిల్ల మాత్రం అతన్ని ఏమనీ పిలవదు. పిలవకుండా మాట్లాడటంలో ఆరితేరిపోయింది. "పెన్సిలు చెక్కేది కనిపించట్లేదు" అని గాల్లోకి చెబుతుంది, ఆ మాట గదంతా తిరిగి అతని దగ్గరికొచ్చి ఆగుతుంది, అతను లేచి వెతుకుతాడు. కోపం లేదు పిల్లకి, అది అతనికి తెలుసు, పెట్టిందల్లా తింటుంది, అడిగితే జవాబు చెబుతుంది. కాకపోతే పళ్ళు తోముకునే బ్రష్షు మాత్రం అద్దం దగ్గర గ్లాసులో వాళ్ళిద్దరి బ్రష్షుల పక్కన పెట్టదు, కడిగి, గుడ్డతో ఒత్తి, స్కూలు బ్యాగు పక్క జేబులో పెట్టుకుంటుంది. ఎప్పుడు ఎక్కడికి బయల్దేరమంటారో అన్నట్టు. వాళ్ళమ్మ ఒకటి రెండుసార్లు చెప్పింది, అతనే వద్దన్నాడు, ఉండనీ, బ్రష్షుదేముంది అన్నాడు, అని ఆ రాత్రంతా ఆ బ్రష్షు గురించే ఆలోచించాడు.

పీతలు వచ్చింది వానాకాలానికి ముందు. వాళ్ళ నాన్న సముద్రం దగ్గరికి తీసుకెళ్ళి కొనిచ్చాడు, మూడు సన్యాసి పీతలు, వేరే నత్తలు విడిచిన గుల్లల్లో దూరి ఆ గుల్లని వీపున మోసుకు తిరిగే రకం. ఒకటి నీలం రంగు వేసిన గుల్లలో, ఒకటి ఎర్రదానిమీద తెల్లచుక్కల గుల్లలో, ఒకటి పసుప్పచ్చది, మూడూ కలిపి ఒక తీగల పంజరంలో, అడుగున గుప్పెడు రంగురాళ్ళు, తడిపిన స్పాంజి ముక్క, ఒక పొట్లం గుళికల మేత. పేర్లు మిరియమే పెట్టింది, ఎప్పుడూ ముందువైపు తీగలు పట్టుకుని బయటికి చూసేవాడు డ్రైవరు, అటూ ఇటూ తిరుగుతూ అందర్నీ తోసేవాడు కండక్టరు, వెనకాల ఒదిగి కూర్చునేవాడు క్లీనరు. అతనికి ఆ పేర్లు ఎంత నచ్చాయంటే అన్నం తింటూ పొరబోయింది. పిల్ల అతని నవ్వు వంక ఒక్క క్షణం చూసింది, పెదవి చివర ఏదో కదిలింది, వెంటనే సర్దుకుంది. ఆ కదిలినదాన్ని అతను చాలా రోజులు దాచుకున్నాడు, లిఫ్టుల పైకప్పుల మీద నిలబడి గ్రీజు రాస్తున్నప్పుడు, ఎవరూ లేని చీకటి గొయ్యిలో, తీసి చూసుకుని మళ్ళీ లోపల పెట్టుకునేవాడు.

క్లీనరు చచ్చిపోయాడు. ఒక పొద్దున పసుప్పచ్చ గుల్లలోంచి సగం బయటికి వేలాడి ఉన్నాడు. మిరియం పిలవలేదు, అరవలేదు, అగ్గిపెట్టెలో పెట్టి బాల్కనీలో పూలకుండీ మట్టిలో తానే పాతిపెట్టి, చేతులు కడుక్కుని స్కూలుకి వెళ్ళిపోయింది. అతను ఆ కుండీకి నీళ్ళు పోయబోయి తట్టిన మట్టి చూసి తెలుసుకున్నాడు. ఆ సాయంత్రమే చేపల దుకాణానికి వెళ్ళాడు, ఏదో మంచి మేత అడుగుదామని. దుకాణం ఆవిడ లావుపాటి కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, పంజరం సంగతి విని, "అది ఇల్లు కాదు బాబూ, వడియాలెండబెట్టే జల్లెడ" అంది. నీటి పీత కాదు కదా, నేలమీదదే కదా అన్నాడు. "నేలమీదదే. కానీ ఊపిరి మాత్రం చేపలాగే, మొప్పలతో. మొప్ప తడిగా ఉన్నంతసేపే దానికి గాలి అందేది. చుట్టూ గాలి పొడిబారితే రోజుకింత రోజుకింత ఊపిరాడక పోతుంది. నెలలు పడుతుంది పోవడానికి, అందుకే జనం అనుకుంటారు, దాని ఆయుష్షే అంత అని. సముద్రం ఒడ్డున వదిలేస్తే ముప్పై ఏళ్ళు బతుకుతాయి కొన్ని." అయితే తీసుకెళ్ళి ఒడ్డున వదిలేస్తే పోలా అన్నాడు అతను. ఏ ఒడ్డునుంచి తెచ్చారో తెలుసా అని అడిగింది ఆవిడ. తెలీదు. "తెలీని చోట వదిలితే అదో చావు. ఇంక చేసేదల్లా ఉన్నన్నాళ్ళు సరిగ్గా చూసుకోవడమే." అప్పటివరకు అతనికి మామూలుగానే ఉంది. ఇంటికి నడుస్తుంటే, రోడ్డు దాటబోయి ఆగిపోయాడు, వెనక స్కూటరువాడు తిట్టుకుంటూ పక్కనుంచి పోయాడు. నెలలు పడుతుంది పోవడానికి. అంటే కిటికీ గూట్లో, వాళ్ళందరి కళ్ళముందు, తాను రోజూ బూట్లు వేసుకుంటూ 'ఏం డ్రైవరూ' అని పలకరిస్తున్న ఆ రోజులన్నీ. పిల్ల మరి రోజూ స్పాంజి తడిపేదే, వాళ్ళ నాన్న చెప్పినట్టే, మర్చిపోకుండా, జ్వరం వచ్చిన రోజు కూడా లేచి తడిపింది. ఇప్పుడు వెళ్ళి ఏమని చెప్పాలి? మీ నాన్న ఇచ్చిన పంజరమే చంపిందని చెప్పాలా, నువ్వు చూస్తుండగానే పోయిందని చెప్పాలా? ఏమీ చెప్పలేదు. వాళ్ళమ్మకి చెప్పాడు. ఆమె "తొట్టె పెట్టు, తర్వాత చూద్దాం" అంది.

ఆ తర్వాత ఇప్పుడొచ్చింది. తొట్టే చెప్పేస్తుంది అన్నీ. ఇంత చిన్న జీవానికి ఇంత కావాలని తెలిశాక, మరి ఇది లేనప్పుడు ఏమైందన్న ప్రశ్న రాకుండా ఎలా ఉంటుంది, అందులోనూ ఆ పిల్లకి. కూడికల లెక్కలో మేష్టారు తప్పుచేస్తే నిలబడి చెప్పే పిల్ల అది.

పేరుకేమో సన్యాసి, సామాన్లు చూస్తే పెళ్ళివారి విడిదిలా తయారైంది అనుకుని అతను తనలో తానే నవ్వుకున్నాడు. కదా మరి. ఇసక కావాలి, అదీ మామూలు లోతు కాదు, పీత నిలువునా దిగి పైన ఇంకా బోలెడు మిగలాలి, అందులో నానబెట్టి పిండిన కొబ్బరిపీచు పొట్టు కలపాలి, గుప్పిట్లో బిగిస్తే ముద్దవ్వాలి గాని నీరు కారకూడదు, పిల్లలు ఒడ్డున ఇసక ఇళ్ళు కడతారు చూడండి, ఆ తడి, అంది దుకాణం ఆవిడ. నిన్న మొదటిసారి నీళ్ళు ఎక్కువైపోయి బురదైంది, మొత్తం ఎత్తి బక్కెట్లోకి తోడి, బాల్కనీలో ఆరబెట్టి, మళ్ళీ కలిపాడు, మోచేతులదాకా ఇసక, గోళ్ళలో ఇంకా ఉంది. రెండు నీటి గిన్నెలు, ఒకటి మంచినీళ్ళది, ఒకటి ఉప్పునీళ్ళది, రెండింట్లో మునిగేంత లోతు, మునిగినవాడు పైకెక్కడానికి గులకరాళ్ళ మెట్లు. ఉప్పంటే వంటింటి ఉప్పు పనికిరాదు, సముద్రపు చేపల తొట్టెల్లో కలిపే ఉప్పుండాలి. కొళాయి నీళ్ళు తిన్నగా పోయకూడదు, అందులో క్లోరిన్ ఉంటుంది, మొప్పల్ని కాలుస్తుంది, దానికి చుక్కల మందు వేసి విరిచి గాని పోయకూడదు. క్లోరిన్ అనగానే ఆవిడ ముందే అతనికి నవ్వొచ్చింది, ఎందుకంటే అతనికి ఆ వాసనంటే భార్య జుట్టు. ఆమె పిల్లలకి ఈత నేర్పుతుంది, ఎంత తలంటుకున్నా మెడ వెనక ఆ వాసన ఉండనే ఉంటుంది, అతనికి అది ఇల్లు చేరినట్టుండే వాసన. ఆ ఈతకొలను భవనంలోనే ఒకప్పుడు లిఫ్టు ఆగిపోయి ఆమె లోపల ఇరుక్కుంది, బాగుచేయడానికి అతను వెళ్ళాడు. ఇరుక్కున్నవాళ్ళతో ముందు మాట్లాడాలి, పని తర్వాత, అది అతని పద్ధతి. "నేనొచ్చాను, భయం లేదు, తలుపు మాత్రం లాగకండి" అన్నాడు బయటినుంచి. లోపలినుంచి "నేను లాగట్లేదండీ, నారింజపండు వలుచుకుంటున్నాను" అని వినిపించింది. తలుపు తెరుచుకోగానే క్లోరినూ నారింజా కలిసి ముఖానికి కొట్టాయి. సగం పండు అతని చేతిలో పెట్టి, పిల్ల స్కూలునుంచి వచ్చే వేళైందని మెట్లమీదుగా పరిగెత్తింది. ఆ పిల్ల కోసం కదా పరిగెత్తింది, అనుకున్నాడు ఇప్పుడు, ఇదిగో ఈ మంచం మీద పడుకునే పిల్ల కోసం, ఆ రోజు తన చేతిలో సగం పండు జిగురు జిగురుగా, తాను పేరైనా అడగలేదు.

అన్నీ సర్దాక పొద్దున పదింటికేమో ఇద్దర్నీ దింపాడు. కండక్టరు ఇసక మీద కాలు పెట్టాడో లేదో తవ్వడం మొదలుపెట్టాడు. ఎన్నాళ్ళ కరువో అన్నట్టు, కాళ్ళన్నీ ఒకేసారి ఆడిస్తూ, ముందు తల, తర్వాత ఎర్ర గుల్ల, కాసేపటికి చుక్కలు కూడా కనిపించకుండా దిగిపోయాడు. అతను కంగారుగా దుకాణం ఆవిడకి ఫోను చేశాడు. "దిగనీ బాబూ, పెరిగే వేళైంది దానికి. పాత ఒంటిపెంకు విడిచి కొత్తది గట్టిపడేదాకా లోపలే ఉంటుంది. వారాలు పట్టొచ్చు. నువ్వు మాత్రం బతికుందో లేదో చూద్దామని తవ్వావో, అప్పుడు చస్తుంది" అంది. తవ్వను, అన్నాడు. కానీ పిల్ల నమ్మాలి కదా. ఉన్నాడు, కనపడడు, తవ్వకూడదు, వస్తాడు అని చెబితే, నీ మాట నేనెందుకు నమ్మాలి అని ఆ పిల్ల అడగదు, అడిగినా బాగుండును, ఊరికే చూస్తుంది. ఒకసారి కరెంటు పోయి ఒక ముసలాయన లిఫ్టులో ఉండిపోయాడు, మెషిన్ గది తాళం ఉన్నవాడు ఊళ్ళో లేడు, తాళం వచ్చేదాకా అతను చేయగలిగిందేమీ లేక తలుపుకి వీపానించి నేలమీద కూర్చున్నాడు. ఇద్దరూ తలుపుకి అటూ ఇటూ. ముసలాయన తన భార్య గురక గురించి చెప్పాడు, ఆమె పోయాక గడియారం చప్పుడుకి నిద్ర పట్టడం లేదని చెప్పాడు, మధ్యలో "ఉన్నావా?" అనేవాడు, "ఉన్నానండీ" అనేవాడు అతను. అంతే. ఆ రోజు అతను పనిముట్ల సంచి కూడా విప్పలేదు. బయటికొచ్చాక ఆయన అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

టక్, అని చిన్న చప్పుడైంది. అతను ముందుకు వంగాడు. ఆవిరిలో ఒక చుక్క కారి గాజు మీద సన్నటి దారి చేసింది, ఆ దారిలోంచి లోపల డ్రైవరు కనిపించాడు. పొద్దుటినుంచి ఒకే చోట ముడుచుకు కూర్చున్నవాడు, ఇప్పుడు ఖాళీ గుల్లల కుప్ప దగ్గర ఉన్నాడు. రంగులేని మామూలు గుల్లలు, ఆవిడ దగ్గర ఏరి తెచ్చి, నీళ్ళలో మరిగించి, చల్లార్చి పెట్టినవి. వాటిలో ఒక మట్టిరంగుదాన్ని రెండు కాళ్ళమధ్య పట్టుకుని, తిప్పి, మీసాలతో లోపలంతా తడిమి, పెద్ద డెక్క లోపలికి పెట్టి లోతు చూసి, బయటికి తీసి, మళ్ళీ పెట్టి చూశాడు. అద్దె ఇంటికొచ్చినవాడు కొళాయి తిప్పి చూసుకున్నట్టు ఉంది అంతా. డ్రైవరు ఆ గుల్ల నోటిని తన నీలం గుల్ల నోటికి దగ్గరగా తెచ్చుకున్నాడు. ఆగాడు. చాలాసేపు ఆగాడు, మీసాలు తప్ప ఏదీ కదలకుండా, వెనక ఎవరైనా వస్తున్నారా అన్నట్టు. తర్వాత ఒక్కసారిగా నీలం గుల్లలోంచి బయటికొచ్చాడు. అతను అది చూస్తానని ఎప్పుడూ అనుకోలేదు. ముందు సగమంతా కవచంలా గట్టిగా ఉండే జీవం, వెనక సగం ఒట్టి మెత్తన, లేత గులాబి రంగు, చిన్న చుట్టలా వంకర తిరిగి, పుట్టిన పిల్ల చిటికెన వేలులా ఉంది. రెప్పపాటు. చుట్ట మట్టిరంగు గుల్లలోకి జారింది, కాళ్ళు ఒకసారి సర్దుకున్నాయి, గుల్ల ఎగిరి కుదురుకుంది. అయిపోయింది. అతని కళ్ళు ఎందుకో మండాయి. అంత మెత్తనిదాన్ని, ఆ రంగు పూసిన గుల్లలో, లోపల కూడా పెచ్చులూడే రంగు, ఇన్నాళ్ళూ. లేచి ఎవరినైనా పిలవాలనిపించింది, ఇంట్లో ఎవరూ లేరు. భార్య కొలను దగ్గర పిల్లల్ని నీళ్ళమీద తేలమని చెబుతూ ఉంటుంది ఈ వేళకి.

అప్పుడు తట్టింది. మిరియం చూడాల్సింది ఇది. ఆ పిల్ల వానాకాలమంతా పంజరం ముందు గడ్డం పెట్టుకు కూర్చుంది, ఒక్కసారైనా గుల్ల మారుస్తారేమో అని, తల్లిని పదే పదే అడిగింది. ఇప్పుడు జరిగింది, తనొక్కడే చూశాడు, దొంగతనం చేసినట్టు. పైగా అక్కడ ఇసకమీద పక్కకి ఒరిగి పడి ఉంది నీలం గుల్ల, వాళ్ళ నాన్న ఏరి కొన్నది, ఖాళీగా. పిల్ల గదిలోకి రాగానే కనపడేది అదే. ముందు పంజరం లేదు, కండక్టరు లేడు, నాన్న కొనిచ్చిన నీలం లేదు. రెండ్రోజులు ఇల్లు విడిచివెళ్ళి వస్తే తనదన్నది ఏదీ లేకుండా చేశాడు ఈ మనిషి, అనుకుంటే? అతను పంజరం వెనక్కి తెద్దామా అని నిజంగానే లేచాడు. బాల్కనీ దాకా వెళ్ళాడు. కడిగి ఆరబెట్టిన పంజరం ఎండలో మెరుస్తోంది. దాన్ని చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, అంత తేలికగా ఉంది. మళ్ళీ అక్కడే పెట్టేశాడు.

లిఫ్టు కదిలింది. ఆ లిఫ్టు చప్పుడు అతనికి తన కడుపులో చప్పుడంత బాగా తెలుసు. కిందినుంచి బయల్దేరింది, రెండో అంతస్తు దగ్గర కొద్దిగా జారే అలవాటుంది దానికి, జారింది, వచ్చి వాళ్ళ అంతస్తులో ఆగింది. తలుపు తెరుచుకుని, వెంటనే మూసుకోలేదు, ఒక మనిషి దిగాక ఇంకొక మనిషి దిగేంత సేపు తెరిచే ఉంది. అతను చొక్కా సర్దుకున్నాడు, గోళ్ళలో ఇసక చూసుకున్నాడు, తలుపు తీశాడు.

"నాన్న కూడా వచ్చాడు. బ్యాగూ డబ్బా రెండూ మోయలేనని" అంది మిరియం, అతని మోచేతి పక్కనుంచి దూరి లోపలికి పోతూ.

వాళ్ళ నాన్న గుమ్మం బయటే నిలబడ్డాడు. స్కూళ్ళకి వెళ్ళి పిల్లల ఫొటోలు తీసే మనిషి, ఏడ్చే పిల్లల్నయినా చిటికెలో నవ్విస్తాడని భార్య ఎప్పుడో చెప్పింది, ఇప్పుడు మాత్రం ఎటు చూడాలో తెలీనట్టు ఉన్నాడు. చేతిలో బొక్కలు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా. అందులో ఆకుపచ్చ రంగు గుల్ల, గుల్ల లోపలికంటా ముడుచుకున్న చిన్న కాళ్ళు. "క్లీనరు పోయాడని చెప్పిందండీ. మొన్న పనిమీద అటువైపు వెళ్ళాను. మళ్ళీ ఒకటి తెచ్చాను" అన్నాడు. అయ్యో, అనుకున్నాడు అతను, అయ్యో అని పైకి అనలేదు. "లోపలికి రండి" అన్నాడు.

గదిలో మిరియం కదలకుండా నిలబడి ఉంది. బీరువా జరిగిన చోటు చూసింది, తొట్టె చూసింది.

"పంజరం ఏది?"

"బాల్కనీలో ఉంది. పారేయలేదు."

"కండక్టర్ ఏడి?"

"ఇసకలోకి దిగాడు. పెరగడానికి. మనం తవ్వకూడదట. వచ్చేదాకా నేను రోజూ కాపలా కూర్చుంటాను, నువ్వు కూడా కూర్చో."

పిల్ల మోకాళ్ళమీద కూలబడి గాజుకి ముక్కు ఆనించింది. "వీడు డ్రైవర్ కాదు" అని, వెంటనే, "కాళ్ళు డ్రైవర్‌వే" అంది. ఇంకాసేపు చూసింది. "మార్చుకున్నాడా?"

"ఇప్పుడే. నువ్వు రావడానికి కొంచెం ముందు. నువ్వు చూడాల్సింది, నేను చూసేశాను" అన్నాడు, తప్పు చేసినవాడిలా. "ఎలా మార్చుకున్నాడో మొత్తం చెబుతాను."

వాళ్ళ నాన్న డబ్బా పట్టుకుని తలుపు దగ్గరే ఉండిపోయాడు. నీటి గిన్నెలు, మీటరు, గాజు వెనక అతికించిన వేడి పట్టీ, ఎక్కడానికి పెట్టిన కొమ్మ, దాక్కోవడానికి బోర్లించిన కొబ్బరిచిప్ప, అన్నిటినీ వరసగా చూశాడు. "ఇంత కావాలా వీటికి?" అన్నాడు మెల్లిగా.

మిరియం వెనక్కి తిరగలేదు. "పంజరంలో ఉంటే ఏమవుతుంది?" అంది, ఎప్పటిలాగే గాల్లోకి. ఈసారి ఆ మాట ఎవరి దగ్గరికొచ్చి ఆగాలో ఇద్దరు మగవాళ్ళకీ తెలియలేదు.

"గాలి పొడిబారి ఊపిరాడదు" అన్నాడు అతను. "వీటికి తడిగాలి కావాలి."

"మరి క్లీనర్?"

"క్లీనర్ కూడా అంతే."

"నేను స్పాంజి తడిపాను" అంది పిల్ల. "రోజూ తడిపాను."

"తడిపావు. నేను చూశాను. చెయ్యమన్నవన్నీ చేశావు."

"చెయ్యమంది నేను కదరా" అన్నాడు వాళ్ళ నాన్న. "అమ్మినవాడు చెప్పింది చెప్పాను. ఇంకొకర్ని అడగలేదు."

"నేనూ అడగలేదండీ" అన్నాడు అతను. "ఇన్ని నెలలు ఈ కిటికీలోనే ఉంది. రోజూ పక్కనుంచే వెళ్ళాను. పోయాక గాని అడగాలని తోచలేదు."

మిరియం భుజాలు కదిలాయి. ముందు చప్పుడు లేదు, తర్వాత వచ్చింది, పుట్టినప్పుడు ఆసుపత్రికి వినిపించిన ఏడుపు ఇలాంటిదేనేమో, మొహం గాజుకేసి ఒత్తుకుని, ఆవిరిని ఆవిరితో కలిపేస్తూ. ఇద్దరూ ఒకేసారి అడుగు ముందుకు వేశారు, ఒకరినొకరు చూసుకుని ఒకేసారి ఆగారు, 'మీరు' అన్నట్టు ఈయన చెయ్యి చూపించాడు, 'లేదు, మీరే' అన్నట్టు ఆయన. ఈ మర్యాదలు తేలేలోపు పిల్ల తనే మోచేత్తో ముక్కు తుడుచుకుని ఇటు తిరిగింది.

"ఆ డబ్బా తెరవండి" అంది. "వాడు అందులో ఆరిపోతున్నాడు."

అతను మందు కలిపిన నీళ్ళు గిన్నెలో తెచ్చాడు, పిల్ల చేతులు ముంచింది, వాళ్ళ నాన్న చేతులూ ముంచమంది. ఆయన డబ్బా మూత తీసి పట్టుకున్నాడు, అతను తొట్టె మూత ఒక పక్కకి జరిపాడు, పచ్చగీతలోని ముల్లు కిందికి జారింది, జారితే జారింది, మళ్ళీ ఎక్కుతుంది. మిరియం ఆకుపచ్చ గుల్లని తడి అరచేతిలో పెట్టి, ఇసక మీదికి దించి, చెయ్యి తీయకుండా కాసేపు అలాగే ఉంచి, అప్పుడు తీసింది. మూత పడింది. ముగ్గురూ నేలమీద పొట్టలమీద పడుకున్నారు, అంతకంటే చూడటానికి వేరే దారి లేదు ఆ ఇరుకులో, పిల్ల మధ్యలో, అటు ఒకాయన, ఇటు ఒకాయన. బాగా దగ్గరగా చూస్తే వాళ్ళ నాన్న కనుబొమలు మిరియం కనుబొమలే, అతను ఇంతకుముందు గమనించలేదు. "కాఫీ తాగి వెళ్దురు గాని" అన్నాడు గొంతు తగ్గించి. "వీడు తల బయటపెట్టాక" అన్నాడు ఆయన, అంతకంటే తగ్గించి.

ఎంతసేపైందో. ఆకుపచ్చ గుల్ల ఒట్టి రాయిలా పడి ఉంది. ముందు తలుపు చప్పుడు ఎవరూ వినలేదు. గదిలోకి క్లోరిన్ వాసన వచ్చింది, వెనక చెప్పులు ఆగాయి. తడి జుట్టుతో గుమ్మంలో నిలబడి, నేలమీద వరసగా ఆరు పాదాలు చూసి, అందులో రెండు ఈ ఇంట్లో ఎప్పుడూ లేని పాదాలని గుర్తుపట్టి, ఆమె తలుపు పట్టుకుంది.

"ఏమైంది? ఎవరికేమైంది?"

"అమ్మా, ష్" అంది మిరియం, తల తిప్పకుండా. "నీ నీడ పడుతోంది. పడుకో."

పడుకోడానికి చోటెక్కడ? అతను మంచం కిందికి సగం జరిగాడు, అటువైపు ఆయన బీరువాకి ఒత్తుకున్నాడు. ఆమె ఆ ఇద్దర్నీ చూసింది. సంచి దించి, జుట్టు పిండుకుని, కూతురి వెనక మోకాళ్ళమీద వంగి, పిల్ల తలమీద గడ్డం ఆనించింది. గాజు లోపల ఆకుపచ్చ గుల్ల అంచున సన్నటి మీసం ఒకటి బయటికొచ్చి, గాలిని అటు తడిమింది, ఇటు తడిమింది. రెండోది వచ్చింది. తర్వాత ఒక కాలు, చాలా నెమ్మదిగా, తడి ఇసక మీదికి.

"దిగాడు" అంది మిరియం.